నాట్లకు పోతే బిడ్డను చూసేదెవరు?

నాట్ల కాలం వస్తే ఊరంతా పొలంలోనే. మెడ నిలపలేని, మాట రాని బిడ్డ ఉన్న తల్లి మాత్రం గడప దాటలేదు. దాటితే తలుపుకు గొళ్లెం పెట్టి పోవాలి. పట్నం హాస్టలులో చేర్చమని చుట్టాల సలహా. తినిపిస్తే తప్ప తినలేని పిల్లను ఎరగని చేతుల్లో ఎలా పెట్టడం?

వైకల్యం ఉందన్న సాకుతో బిడ్డను తల్లిదండ్రుల నుంచి వేరు చేయరాదని, బిడ్డ మేలు కోసం తప్పనిసరైతే కోర్టు ఉత్తర్వు కావాలని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం చెబుతోంది. మంచి మాటే. మరి ఇంటి దగ్గర ఆసరా ఏది?

మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. ప్రత్యేక టీచర్లు చదువు చెబుతారు, ఫిజియోథెరపీ చేయిస్తారు. కానీ బిడ్డను చంకనేసుకుని బస్సెక్కితే ఆ రోజు కూలి పోయినట్టే. ఆరేళ్లలోపు వారి కోసం అంగన్‌వాడీలకు కేంద్రం 2023 నవంబరులో మార్గదర్శకాలిచ్చింది. ఆరు దాటితే?

దీనికి భవంతులు అక్కర్లేదు. గది, చాపలు, బిడ్డ ఒరిగిపోకుండా కూర్చోబెట్టే కుర్చీ, పట్టుకు నడిచేందుకు రెండు వెదురు కడ్డీలు. కుర్చీ ఊరి వడ్రంగే చేస్తాడు. ఫిజియోథెరపిస్టు వారానికోసారి వచ్చి చూపితే, మిగతా రోజులు శిక్షణ పొందిన ఆయా చేయిస్తుంది. ఉమ్మడి రాష్ట్రంలో ఇందిరా క్రాంతి పథం కింద మహిళా సమాఖ్యలు కొన్నిచోట్ల ఇలాంటి కేంద్రాలు నడిపినవే.

నాట్లు మొదలయ్యేలోగా పంచాయతీ గది ఒకటి ఇప్పించాలని తల్లులు కోరుతున్నారు.