గోడ నెక్కిన పలక

ఇల్లు కట్టి చూడుమన్న పెద్దలు గోడల నలంకరించి చూడుమని చెప్పలేదు. ఆ కాలమున గోడ కంత పట్టింపు లేదు. రంగారెడ్డి జిల్లాలో ఇబ్రహీంపట్నమునకు చేరువనున్న కోహెడ వంటి పల్లెలలో పాతయింటి గోడ యనగా సున్నము కొట్టిన మట్టిగోడ. దీపము పెట్టుట కొక గూడు, దండెము కట్టుటకు రెండు మేకులు, ఒక దేవుని పటము, కాలము చేసిన పెద్దల ఛాయాచిత్రము, ఏడాది కొకసారి మారు క్యాలెండరు - ఇంతయే దాని వైభవము. అందున్న ప్రతి వస్తువునకును ఒక పని కలదు. ఊరక చూచుటకై వ్రేలాడు వస్తువు లేదు.

నేడు కోహెడ మారుచున్నది. ఔటరు రింగురోడ్డు చేరువకు వచ్చినది, పండ్ల మార్కెట్టుకు స్థలము నిర్ణయింపబడిన ఊరుగా దాని పేరు పత్రికల కెక్కినది, పొలములు ప్లాట్లైనవి. ఆ ప్లాట్లలో లేచుచున్న యిండ్లకు గూళ్లు లేవు, దండెములు లేవు. తెల్లని నిడుపాటి గోడలు మాత్రము కలవు. గృహప్రవేశమైన మఱునాడే ఆ తెల్లదనము ఇంటివారి నొక ప్రశ్న యడుగును: "నా మీద ఏమి పెట్టెదరు?"

అట్టి యింటి నొకదానిని ఊహింతము. తండ్రి ఉపాధ్యాయుడు, కుమారుడు కళాశాల విద్యార్థి. తండ్రి మనసు దశావతారముల పటము మీద నున్నది. కుమారుని మనసు స్కేట్‌బోర్డు పలకల మీద నున్నది. చక్రములు తీసిన మూడు పలకలను, రంగురంగుల బొమ్మలు ముందునకు కనబడునట్లు, హాలులో వరుసగా నిలువున బిగింపవలెనని యతని కోరిక. కాళ్లతో త్రొక్కు బల్లను గోడకెక్కించుట యేమిటని తండ్రి. ఊరందరి యిండ్లలో నుండు పటమే మన యింటను ఉండవలెనా యని కుమారుడు. నవీన గృహాలంకరణమున ఈ పలకలకు ఆదరము పెరుగుచున్న యీ దినములలో ఇట్టి వాదము ఏ యింటనైనను పుట్టవచ్చును. తీర్పు చెప్పుటకు ముందు ఆ పలక పుట్టుపూర్వోత్తరములు తెలిసికొనుట న్యాయము.

స్కేట్‌బోర్డు అమెరికాలోని కాలిఫోర్నియా తీరమున 1950 ప్రాంతములలో వ్యాప్తికి వచ్చినది. సముద్రపు టలలపై పలకలతో తేలియాడు యువకులు, అలలు లేని దినములలో నేలమీదనే ఆ యానందము ననుభవింపగోరి, చెక్కపలకల క్రింద చక్రములు బిగించుకొనిరి. మొదటి చక్రములు గరుకువి. చిన్న రాయి తగిలినను నిలిచిపోయి మనిషిని ముందునకు విసరివేసెడివి. 1970 తరువాతి తొలి సంవత్సరములలో యూరిథేన్ అను మెత్తని, గట్టి పదార్థముతో చక్రములు వచ్చినపిమ్మట ఆటకు వేగమును, నిలుకడయు కలిగినవి. పలకయు మారినది. నేటి పలక సాధారణముగా మేపుల్ చెట్టు కొయ్యను పలుచని పొరలుగా కోసి, ఏడు పొరలను జిగురుతో నతికి, అచ్చులో నొక్కి చేసినది. కొన్ని పొరలలో చెక్కగీతలు నిలువుగను, కొన్నిటిలో అడ్డముగను ఉండును. అందువలన అది వంగును గాని సులభముగా విరుగదు. వెడల్పు దాదాపు 8 అంగుళములు. పొడవు 32 అంగుళములకు అటునిటు. రెండు కొనలును పైకి లేచి, నడుమ కొంచెము గుంటయై యుండును. చక్రముల ఇరుసులు బిగించుటకై ఒక్కొక్క వైపున నాలుగేసి చొప్పున ఎనిమిది రంధ్రములు కలవు.

ఇందులో విశేషము చిత్రపు స్థానమునందున్నది. పలక పైభాగమున కాలు జారకుండ గరుకు కాగితము వంటి నల్లని పొర అంటింతురు. బొమ్మ యుండునది అడుగుభాగమున. ఎక్కిన వానికి అది కనబడదు; అతడు గాలిలోని కెగిరినపుడు ఎదుటివారికి కనబడును. అంతేకాదు, మెట్ల అంచుల మీదను, ఇనుప కమ్ముల మీదను పలకను జార్చుట ఈ యాటలోని నేర్పు. జార్చినపుడెల్ల బొమ్మ గీచుకొనిపోవును. నేర్పు పెరిగినకొలది బొమ్మ అరుగును. అరుగుటకే వేయబడిన చిత్రమిది.

అయినను చిత్రకారులు దీనిని చులుకనగా చూడలేదు. 1985లో జిమ్ ఫిలిప్స్ అను చిత్రకారుడు శాంతాక్రూజ్ సంస్థకై వేసిన బొమ్మలో, తెగిన నీలిరంగు చేయి యొక్క అరచేతిలో నోరు తెఱచుకొని కేకవేయుచుండును. ఆ గుర్తు లోకమంతట వ్యాపించినది. న్యూయార్కులో 1994లో స్థాపింపబడిన సుప్రీమ్ అను సంస్థ జెఫ్ కూన్స్, డేమియన్ హర్స్ట్, తకాషి మురకామి వంటి పేరుపొందిన కళాకారుల చిత్రములను పలకల మీద వెలువరించినది. ఆ సంస్థ వెలువరించిన 248 పలకల సముదాయమొకటి 2019 జనవరిలో సోత్‌బీస్ వేలములో 8 లక్షల డాలర్లకు అమ్ముడయ్యెను. అవి ఎక్కి పరుగెత్తుటకు కొన్నవి కావని వేరుగ చెప్ప నక్కఱలేదు. వీధిలో పుట్టిన పలక ఈ విధముగా గోడ నెక్కినది.

ఇంతవఱకు విని, తన పటమునకు ఇట్టి వీధి చరిత్ర లేదని తండ్రి గర్వపడవచ్చును. కాని ఆతడు కోరినది చేర్యాల పటమైనచో ఆ గర్వము నిలువదు.

తెలంగాణమున కోహెడలు రెండు కలవు. రెండవది సిద్దిపేట జిల్లాలోనిది. చేర్యాల యును ఆ జిల్లాలోనిదే. అక్కడి నకాశీ కుటుంబములు తరతరములుగా పటములు వ్రాయుచున్నవి. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల పిండి, జిగురు కలిపి పూతలు పూసి, ఆరనిచ్చి, దానిపై ఎఱ్ఱని నేపథ్యమున బొమ్మలు దిద్దుదురు. ఇవి గోడకొఱకు పుట్టినవి కావు. పద్మశాలీలకు మార్కండేయ పురాణము, గౌడులకు గౌడ పురాణము, రజకులకు మడేలు పురాణము, గొల్లలకు కాటమరాజు కథ - ఇట్లు ఒక్కొక్క కులమునకు ఒక్కొక్క గాథ, ఆ గాథను చెప్పుటకు వేరుగా కథకులు ఉండెడివారు. మూడడుగుల వెడల్పున, ముప్పది యడుగులకు మించిన పొడవున నుండు పటపు చుట్టను వారు ఊరూర త్రిప్పెడివారు. రాత్రివేళ దానిని వ్రేలాడదీసి, కథ నడచినకొలది విప్పుచు, బొమ్మను చూపుచు, పాట పాడుచు, జనులను మేలుకొలిపి యుంచెడివారు. విప్పి చుట్టగా చుట్టగా రంగు పగులును, అంచులు చిరుగును. చేర్యాల పటము సైతము అరుగుటకే పుట్టినది.

సినిమాయు, తరువాత టెలివిజనును వచ్చి కథకుని రాత్రులను హరించినవి. క్రొత్త పటము వ్రాయించు కథకులు తగ్గిరి. అప్పుడు నకాశీలు బ్రతుకుతెరువుకై పొడవైన కథను చిన్న చిన్న ముక్కలుగా వ్రాసి, చట్రములలో బిగించి అమ్మసాగిరి. 2007లో చేర్యాల కళకు భౌగోళిక సూచిక గుర్తింపు లభించినది. నేడు నగరవాసుల యిండ్లలో కనబడు చేర్యాల చిత్రము, కథకుని చేతినుండి జారి గోడ నెక్కిన చిత్రము. తండ్రి పటమును, కుమారుని పలకయు ఒకే త్రోవ నడచి వచ్చినవి. రెండును తమ పనిని విడిచి అలంకారములైనవి. ఒకటి స్వదేశము, మఱియొకటి విదేశము అను భేదము కంటె ఈ సామ్యము పెద్దది.

కావున గోడకు వస్తువు నెన్నుకొనునపుడు మొదట వేయవలసిన ప్రశ్న, అది రంగులకు సరిపోవునా, సోఫాకు నప్పునా యనునది కాదు. ఈ వస్తువు ఇంతకు ముందు ఏమి పని చేసెడిది? ఆ పని ఈ యింటివారిలో ఎవరికైనను తెలియునా? పని పోయిన వస్తువు తనతో కథనైనను తెచ్చుకొనవలెను. లేనిచో అది గోడకు రంగు మాత్రమే. పది దినములలో కంటికి ఆననిదగును.

ఈ దృష్టితో చూచినచో అంగడిలో దొరకు పలకలు మూడు విధములు. మొదటివి ప్రసిద్ధ చిత్రములను యంత్రముతో ముద్రించినవి. పలుచని పొరపై అచ్చువేసిన బొమ్మను వేడితో కొయ్యకు అంటింతురు. ఇవి సులభముగా దొరకును. కాని ఒకే వెడల్పాటి చిత్రమును మూడు పలకలకు పంచినపుడు నడిమి సందులలో ముఖములు తెగిపోవును; కొనవలసిన వారు బొమ్మ ఎక్కడ తెగినదో చూచి కొనవలెను. నిలువుగా సాగు చెట్టు, మనిషి, పక్షి వంటి రూపములు ఈ సన్నని పలకకు ఒదుగును. విశాలమైన సముద్రము ఒదుగదు. రెండవవి చేతితో వ్రాసినవి. మూడవవి ఆడి ఆడి అరిగినవి. అలంకార మెఱిగినవారు కొందఱు ఈ మూడవ విధమును త్రోసివేయుదురు గాని, ఇంటి బిడ్డ స్వయముగా ఆడి అరగదీసిన పలకయైనచో దానికి మించిన అలంకారము లేదు. అందలి ప్రతి గీతయు ఒక పాటు, ఒక లేచుట.

చేతితో వ్రాయించు నుద్దేశమున్నవారికి ఒక మాట. పైనుండి క్రిందికి గడులు గడులుగా కథ చెప్పుట చేర్యాల సంప్రదాయము. నిడుపాటి పలకకు ఆ కూర్పు సహజముగా నప్పును. నకాశీలకు కొయ్య క్రొత్తదియు కాదు. రంపపు పొట్టును చింతగింజల పిండిలో కలిపి, ఆ ముద్దతో కొయ్యబొమ్మలను, ముసుగులను తీర్చుట వారి పూర్వవిద్యయే. నిర్మల కళాకారులును కొయ్యపై చిత్రించి, బంగారు వన్నె లతలు దిద్దుటలో పేరు పొందినవారు. అయితే పలక కాలు మోపు వస్తువు. దాని మీద దేవతామూర్తులను వ్రాయింపకుండుట ఉచితము. తండ్రి మనసు నొచ్చుట కిదియే మూలమై యుండవచ్చును. కల్లు గీయుట, మగ్గము నేయుట, బతుకమ్మ ఆడుట వంటి పల్లె దృశ్యములు నకాశీల కుంచెకు పరిచితములే. వానిని వ్రాయించినచో ఎవరికిని అభ్యంతరముండదు, చేతిపనివానికి నాలుగు దినముల పనియు దొరకును.

గోడ విషయమున కొన్ని జాగ్రత్తలు. క్రొత్త గోడ పూత బాగుగ ఆరకముందు కొయ్యను బిగింపరాదు; చెమ్మ పొరలలో దిగినచో పలక ఉబ్బును. మధ్యాహ్నపు టెండ నేరుగ సోకు గోడ రంగులకు శత్రువు. పలక నడిమి భాగము నేలకు అయిదడుగుల యెత్తున, అనగా నిలుచున్నవాని చూపునకు సమీపముగా నుండుట మేలు. మూడింటిని బిగించునపుడు నడుమ రెండు మూడంగుళముల యెడము చాలును. గోడకు రంధ్రము చేసి, ప్లగ్గులు దిగగొట్టి, పలకకున్న రంధ్రములలోనుండియే మరలు బిగింపవచ్చును. క్రొత్త రంధ్రము పొడువ నక్కఱలేదు. పసిపిల్లలు పండుకొను మంచమునకు పైన మాత్రము పెట్టరాదు.

ఇక తండ్రికి చెప్పవలసిన మాట యొకటి మిగిలినది. ఈ పలక కేవలము కాలక్షేపపు వస్తువని యెంచరాదు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్ క్రీడలలో స్కేట్‌బోర్డింగు తొలిసారిగ చేర్పబడినపుడు, వీధి విభాగమున స్వర్ణపతకము పొందినది 13 ఏండ్ల జపాను బాలిక మోమిజీ నిషియా. మధ్యప్రదేశమున పన్నా జిల్లాలోని జన్వార్ అను పల్లెలో ఉల్రికె రైన్‌హార్ట్ అను జర్మను వనిత 2015లో ఈ యాటకొక స్థలము నిర్మింపజేసి రెండు నియమములు పెట్టినది: బడికి పోనివారికి ఆట లేదు, ఆటలో బాలికలది ముందు వరుస. వేర్వేరు కులముల పిల్లలు ఒకే పలకను మార్చి మార్చి ఎక్కిరి. ఉపాధ్యాయుడైన తండ్రికి ఇంతకంటె చెప్పవలసిన దేమున్నది?

కుమారునికిని చెప్పవలసినది కలదు. దశావతారముల పటమును త్రోసివేయుటకు ముందు అందలి పది రూపములను ఆతడు వరుసగా చెప్పగలడా? చెప్పలేనిచో ఆ పట మతనికి పాతది కాదు, ఇంకను చదువని క్రొత్త పుస్తకము. ఒక సాయంకాలము తండ్రి పటము కథను కుమారునికిని, కుమారుడు పలక కథను తండ్రికిని చెప్పినచో వాదము దానంతటదే తీరును. గోడ చాల పొడవైనది. రెంటికిని చోటు కలదు.

ఆ యింట మూడు పలకలు కొన్నచో రెంటిని గోడకు బిగించి, మూడవదానికి చక్రములు తొడిగి వాకిట ఉంచుట మంచిది. కోహెడలో క్రొత్తగా వేసిన సిమెంటు బాటలు నున్నగానే యుండును. దాని మీది బొమ్మ ఏడాదిలో అరిగిపోవును, పోనిమ్ము. చుట్టము వచ్చి గోడమీది పలకలను చూపి ఇవి యేమి యని యడిగినపుడు, ఇంటి పిల్లవాడు మాటలు వెదకుకొనడు. వాకిటికి పరుగెత్తి ఎక్కి చూపును.