సీసాపై పసుపుపచ్చ చీటీ

కెనడా దేశపు వాయవ్య దిశను అలాస్కా నానుకొనియున్న యూకాన్ ప్రాంతమునకు వైట్‌హార్స్ రాజధాని. తలసరి మద్య విక్రయమున ఆ దేశమునందలి రాష్ట్రములన్నిటిని మించిన ఆ ప్రాంతమున, 2017 నవంబరులో, ప్రభుత్వ మద్యశాల సిబ్బంది సీసాలపైనను డబ్బాలపైనను చీటీలను చేతితో అంటింపసాగిరి. మెఱయు పసుపుపచ్చ కాగితము, చుట్టును ఎఱ్ఱని అంచు. మద్యము వలన రొమ్ము, పెద్దప్రేగు క్యాన్సరులు మున్నగునవి కలుగవచ్చునని అందు కొద్ది మాటలు. విక్టోరియా విశ్వవిద్యాలయమునకు చెందిన టిమ్ స్టాక్‌వెల్, ఒంటారియో ప్రజారోగ్య సంస్థకు చెందిన ఎరిన్ హోబిన్, వారి సహచరులు తలపెట్టిన పరిశోధన కది ఆరంభము.

చీటీలో చెప్పినది క్రొత్త విషయము కాదు. అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 1988లోనే మద్యమును మానవులలో క్యాన్సరు కలిగించుట నిశ్చయమైన పదార్థముల వర్గమున చేర్చెను. ఎథనాలు దేహములో ఎసిటాల్డిహైడుగా మారి కణములలోని డి.ఎన్.ఎ.ను చెఱచును, స్త్రీలలో ఈస్ట్రోజెన్ పాలును పెంచును. చౌక సారాయియైనను, వెలగల ద్రాక్షారసమైనను ఈ విషయమున భేదము లేదు. అట్లుండియు, చీటీలకు పూర్వము విచారింపగా, ఆ ప్రాంతమున త్రాగువారిలో ఇంచుమించు నాలుగింట ఒక వంతు మందికే మద్యము క్యాన్సరునకు హేతువని తెలిసియుండెను. పండితు లెఱిగిన సత్యము కొనువాని చెవి చేరుటకు మూడు దశాబ్దములు చాలకపోవుట సామాన్యమైన లోపము కాదు.

నెల తిరుగకమునుపే మద్యోత్పత్తిదారుల సంఘములు, చీటీ తమ సరకునకు అపకీర్తి తెచ్చుననియు, వ్యాపారచిహ్నమునకు భంగకరమనియు అభ్యంతరము తెలుపగా, వ్యాజ్యభయమున ప్రభుత్వము పని నిలిపెను. మఱుసటి యేడు క్యాన్సరు చీటీని విడిచి, మితమును తెలుపునదియు, ప్రామాణిక మోతాదును తెలుపునదియు నగు చీటీలతో మరల మొదలుపెట్టిరి. ఇవియు ఉపేక్షింపదగినవి కావు: 5 శాతపు బీరు 341 మిల్లీలీటర్లు, 12 శాతపు వైను 142, 40 శాతపు విస్కీ 43 — మూటిలోను ఎథనాలు సుమారు 13.5 గ్రాములే. బీరు తేలికపానీయమని తలచువాని భ్రమ నీ లెక్క యొక్కటియే తొలగింపగలదు.

చీటీలున్న కాలమున వైట్‌హార్స్‌లో చీటీ లంటించిన సరకుల తలసరి అమ్మకము సుమారు 6.6 శాతము తగ్గెను; ఒక్క నెల నిలిచిన క్యాన్సరు చీటీ సయితము, చీటీలు లేని యెల్లోనైఫ్ నగరముతో పోల్చగా, మద్యము క్యాన్సరునకు హేతువను ఎఱుకను పెంచెను. వివాదము పత్రికల కెక్కుటచే ప్రచారము హెచ్చినందున ఫలమంతయు చీటీదే యనరాదు గాని, దానిని దాచగోరినవారి తొందరయే దాని బలమునకు సాక్ష్యమని నా విశ్వాసము.

మన దేశమున 2019 ఏప్రిలు మొదలు మద్యపు సీసాలపై ఆరోగ్యమునకు హానికరమను మాటయు, త్రాగి వాహనము నడుపరాదను మాటయు తప్పనిసరి యైనవి. ఏ అవయవమునకు ఏ హానియో అందు లేదు. క్యాన్సరు పేరు అసలే లేదు.