నీడ పొట్టిదైతే ఎండ గట్టిది

ఉప్పాడ: తుపాను వస్తుందంటే రేవులో ప్రమాద సూచిక ఎగురుతుంది. వేటకు పోవద్దని రేడియో చెబుతుంది, గ్రామంలో మైకు తిరుగుతుంది. కాని ఆకాశం నిర్మలంగా ఉన్న ప్రతి రోజూ మత్స్యకారుని ఒంటిపై పడే ప్రమాదానికి సూచికా లేదు, హెచ్చరికా లేదు. అదే ఎండ. వల చిరిగితే అల్లుకుంటారు, ఇంజను చెడితే బాగుచేయిస్తారు. పాతికేళ్లు, ముప్పయ్యేళ్లు ఎండకు కాలిన చర్మాన్ని, పొర కమ్మిన కంటిని మాత్రం ఎవరూ పట్టించుకోవడం లేదు.

కాకినాడ జిల్లాలో ఉప్పాడ, సుబ్బంపేట, కోనపాపపేట వంటి తీర గ్రామాల నుంచి తెప్పలు తెల్లవారుజామున కడలిలోకి పోతాయి. తిరిగి ఒడ్డు చేరేసరికి పొద్దు బాగా పైకెక్కుతుంది. చేపలు దింపి, వలలు విదిలించి, తెప్పను ఇసుక మీదికి లాగేసరికి మధ్యాహ్నమే. పెద్ద మరపడవకు గది ఉంటుంది, దాని నీడ ఉంటుంది. ఫైబరు తెప్పకు పైకప్పు లేదు. లుంగీ, బనియను, తలకొక తువ్వాలు, ఇంతే వేట దుస్తులు. మెడ వెనుక చర్మం గీతలు పడి మందమెక్కడం, కింది పెదవి చిట్లడం, కంటిలో కండ పెరగడం వంటివి వయసు వల్లనో, ఉప్పునీటి వల్లనో వచ్చాయని సరిపెట్టుకుంటున్నారు. ఉప్పు పాత్ర కొంత లేకపోలేదు. అసలు కారణం ఎండ.

చల్లగాలి చేసే మోసం

ఎండలో వేడి వేరు, చర్మాన్ని కాల్చే కిరణాలు వేరు. వేడి ఒంటికి తెలుస్తుంది. అతినీలలోహిత కిరణాలు కంటికి కనిపించవు, ఒంటికి వేడిగానూ తగలవు. సముద్రం మీద గాలి చల్లగా వీస్తుంది కనుక ఎండ తీవ్రంగా లేదనిపిస్తుంది. సాయంత్రం ఇంటికి వచ్చి స్నానం చేస్తే గాని భుజాలు మండుతున్న సంగతి తెలియదు. కాబట్టి ఉక్కపోసినప్పుడు కప్పుకుందామనుకోవడం పొరపాటు. తెప్ప ఎక్కేటప్పుడే ఒళ్లు కప్పుకోవాలి.

పల్చని మబ్బు కూడా ఇలాగే మోసం చేస్తుంది. ఈ కిరణాల్లో 90 శాతానికి పైగా పల్చని మబ్బును దాటి వస్తాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఉప్పాడ ప్రాంతంలో సూర్యుడు ఏడాదికి రెండుసార్లు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. మే రెండో వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో మరోసారి. వేసవి వెళ్లిపోయింది, ఇక భయం లేదనుకునే ఆగస్టులోనూ మబ్బు తొలగిందంటే ఎండ మే నెలకు తీసిపోదన్నమాట.

గడియారం చూడకుండానే దీన్ని కొలిచే పద్ధతి ఒకటుంది. మనిషి నీడ మనిషి కన్నా పొడుగ్గా ఉన్నంతసేపు ఎండ కాస్త నెమ్మది. నీడ మనిషి కన్నా పొట్టిదైతే జాగ్రత్తపడాల్సిందే. రోజు మొత్తం మీద పడే అతినీలలోహిత కిరణాల్లో సుమారు 60 శాతం ఉదయం 10 గంటల నుంచి మధ్యాహ్నం 2 గంటల లోపునే పడతాయి. నేడు చాలామంది చేతిలో ఉన్న ఫోనులో వాతావరణ వివరాలతో పాటు 'యూవీ సూచీ' అనే అంకె కూడా కనిపిస్తుంది. అది 3కు చేరితే రక్షణ అవసరం. 8 అయితే తీవ్రం. 11, ఆపైన అతి తీవ్రం. మన తీరంలో వేసవి మధ్యాహ్నం 11 దాటడం మామూలే.

నీటి నుంచి కొంత, ఆకాశం నుంచి అంతా

సముద్రం అద్దంలా ఎండను తిప్పికొడుతుందని, అందుకే ఒళ్లు కాలుతుందని అనుకోవడం కద్దు. నిజానికి నీటి నుంచి తిరిగి వచ్చే కిరణాలు పది శాతం లోపే. పొడి ఇసుక నుంచి సుమారు 15 శాతం, అలల నురగ నుంచి సుమారు 25 శాతం వస్తాయి. వీటికన్నా పెద్ద సంగతి ఏమిటంటే, నడిసముద్రంలో చెట్టు లేదు, గోడ లేదు. సూర్యుని నుంచి నేరుగా వచ్చేవే కాక ఆకాశమంతటి నుంచి చెదిరి వచ్చే కిరణాలు కూడా నాలుగు వైపులా తగులుతాయి. టోపీ పెట్టుకున్నా గడ్డం కింద, ముక్కు కింద కమలడానికి కారణం ఇదే.

నీళ్లలో ఉంటే ఎండ తగలదనే నమ్మకమూ సరికాదు. అర మీటరు లోతులో కూడా పైన ఉన్నదానిలో 40 శాతం తీవ్రత ఉంటుంది. నడుంలోతు నీటిలో నిలబడి అలివి వల లాగేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

నల్లని చర్మానికి ఏమీ కాదా?

మనవాళ్ల చర్మంలోని నల్లదనం దేవుడిచ్చిన గొడుగు వంటిదే. తెల్లవారితో పోల్చితే మనకు చర్మ క్యాన్సర్ చాలా అరుదు. అయితే ఆ గొడుగుకు చిల్లులున్నాయి. చర్మం మందమెక్కడం, ముఖాన మంగు మచ్చలు, దద్దుర్లు, దురద, చిన్న వయసులోనే ముడతలు నల్లని చర్మానికీ తప్పవు. బొల్లి మచ్చలున్న చోట ఆ గొడుగు బొత్తిగా లేదు, ఆ భాగం త్వరగా కాలుతుంది. పుట్టుకతోనే ఒళ్లంతా తెల్లగా ఉన్నవారికి చర్మ క్యాన్సర్ ప్రమాదం చాలా ఎక్కువ. అటువంటి పిల్లలను ఎండలో వేటకు గాని, ఒడ్డు పనికి గాని పంపరాదు.

కొన్ని మందులు కూడా చర్మాన్ని ఎండకు లొంగదీస్తాయి. జ్వరాలకు ఇచ్చే డాక్సీసైక్లిన్, రక్తపోటుకు ఇచ్చే హైడ్రోక్లోరోథయజైడ్ అటువంటివే. ఇవి వాడుతున్నవారు మాత్రలు మానేయకుండా, తాము వేటకు పోయే సంగతి డాక్టరుకు చెప్పి సలహా తీసుకోవాలి.

సముద్రంపై బతికేవారి చర్మం ప్రత్యేకంగా చెడుతుందన్న సంగతి కొత్తదేమీ కాదు. జర్మనీలోని హాంబర్గు రేవు పట్టణంలో ఉన్నా అనే చర్మ వైద్యుడు 1894లోనే 'నావికుల చర్మం' అంటూ దీన్ని వర్ణించాడు. సూర్యకిరణాలు క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1992లో నిర్ధారించింది. ఎండలో పనిచేయడం వల్ల వచ్చిన చర్మ క్యాన్సర్‌తో 2019 ఒక్క ఏడాదిలోనే 183 దేశాల్లో దాదాపు 19,000 మంది మరణించారని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2023లో ప్రకటించాయి.

మనవాళ్లకు ముప్పు కంటిదే

మన మత్స్యకారులకు చర్మం కన్నా ముందుగా నష్టపోయేది కన్ను. ముక్కువైపు నుంచి మొదలై తెల్లగుడ్డు మీదుగా నల్లగుడ్డు పైకి పాకే కండకు ఎండ ఒక ముఖ్య కారణం. అది కనుపాప దాకా వస్తే చూపు మసకబారుతుంది, శస్త్రచికిత్స తప్పదు. శుక్లానికీ ఎండకూ సంబంధం ఉంది. అమెరికాలోని చెసాపీక్ అఖాతంలో పీతలు, ఆల్చిప్పలు పట్టి బతికే 838 మందిని వైద్యులు పరీక్షించి 1988లో ఫలితాలు ప్రకటించారు. కంటిపై పడిన కిరణాల మొత్తం రెట్టింపైతే ఒక రకం శుక్లం వచ్చే అవకాశం 1.6 రెట్లు అవుతుందని తేలింది. అంచు టోపీ, కళ్లద్దాలు ఈ కిరణాలను బాగా తగ్గిస్తాయని కూడా ఆ వైద్యులు గుర్తించారు. చూపు తగ్గిన మనిషి రాత్రి వేళ రేవు దీపం గుర్తుపట్టలేడు, వల కన్ను అల్లలేడు. ఇది నేరుగా కూటికి సంబంధించిన విషయం.

తువ్వాలు సగం రక్షణే

తలపాగా మాడును కాపాడుతుంది. ముక్కు, చెవుల అంచులు, కింది పెదవి, మెడ వెనుక భాగం మాత్రం బయటే ఉంటాయి. ఎక్కువగా దెబ్బతినేవి ఈ నాలుగే. క్రికెట్ టోపీ ముక్కును కొంత కాపాడుతుంది గాని చెవులను, మెడను వదిలేస్తుంది. చుట్టూ నాలుగు వేళ్ల వెడల్పు అంచు ఉన్న టోపీ మేలు. గాలికి ఎగిరిపోకుండా గడ్డం కింద తాడు కట్టుకోవాలి. కేరళలో రైతులు, మత్స్యకారులు తాటాకు తొప్పిక్కుడను నెత్తిన పెట్టుకునేవారు. తాటిచెట్లకు మన తీరంలోనూ కొదవ లేదు. టోపీ లేనివారు తువ్వాలునే మెడ మీదికి జారేలా కట్టుకోవచ్చు. అయితే ఇంజను దగ్గర పనిచేసేవారు వేలాడే కొసలను లోపలికి దోపుకోవాలి. తిరిగే చక్రంలో గుడ్డ పడితే ప్రాణానికే ముప్పు.

బనియను చాలదు. అందులోనూ పల్చని తెల్ల నూలు బనియను తడిస్తే అది ఇచ్చే కొద్దిపాటి రక్షణ సగానికి పడిపోతుంది. పొడుగు చేతుల చొక్కా, ముదురు రంగుది, దట్టమైన నేతది, వదులైనది వేసుకోవాలి. గుడ్డను వెలుతురుకు ఎత్తి చూస్తే అవతలి వెలుగు కనిపించకూడదు. పాలియెస్టరు కలిసిన గుడ్డ త్వరగా ఆరుతుంది, కిరణాలను కూడా బాగా ఆపుతుంది. వేటకు కొత్త చొక్కా అక్కరలేదు గాని, పీలికలైన చొక్కా పనికిరాదు.

కళ్లద్దాలు కొనేటప్పుడు నలుపును చూసి మోసపోరాదు. వాటిపై 'యూవీ 400' అని ఉందో లేదో చూడాలి. కిరణాలను ఆపని నల్లద్దం పెట్టుకుంటే చీకటికి కనుపాప విచ్చుకుని మరిన్ని కిరణాలు లోపలికి పోతాయి. అద్దాలకు తాడు కట్టి మెడలో వేసుకుంటే నీటిపాలు కావు.

నూనె కవచం కాదు

వేటకు పోయే ముందు ఒంటికి కొబ్బరినూనె రాసుకునే అలవాటు చాలామందికి ఉంది. చర్మం పగలకుండా నూనె మంచిదే. కాని అది ఎండను ఆపే కవచం కాదు. వేట నుంచి వచ్చి మంచినీటితో ఉప్పు కడుక్కున్నాక రాసుకుంటే ఎక్కువ ప్రయోజనం.

మందుల షాపుల్లో దొరికే సన్‌స్క్రీన్ పూతల్లో 'ఎస్‌పీఎఫ్ 30', ఆపైన ఉన్నవి, నీటికి త్వరగా కరగనివి పనిచేస్తాయి. అయితే ఒళ్లంతా పూసుకోవాలంటే నిత్యం వేటకు పోయేవారికి తలకు మించిన ఖర్చు. చేతులకు పూస్తే వల జారుతుంది కూడా. ఒళ్లు గుడ్డతో కప్పుకుని, గుడ్డ కప్పలేని ముక్కు, చెవులు, పెదవి, మెడకు మాత్రమే పూసుకుంటే ఒక గొట్టం చాలా రోజులు వస్తుంది. ఎండలోకి పోవడానికి పావుగంట, అరగంట ముందు పూసుకోవాలి. రెండు గంటలకొకసారి తిరిగి పూసుకోవాలి.

ఇంతా చేసి కాలితే నీడకు చేరి చల్లని మంచినీటితో తడపాలి. నీళ్లు బాగా తాగాలి. బొబ్బలు చిదపరాదు. పళ్ల పేస్టు, గ్రీజు, నూనె పూయరాదు. జ్వరం, వణుకు, వాంతులు వస్తే ఆస్పత్రికి తీసుకుపోవాలి.

ఒడ్డున ఉన్నా ఎండే

వేటకు పోని ఆడవారు ఎండకు దూరంగా ఉన్నారనుకోరాదు. ఎండుచేపలు ఆరబెట్టి తిరగేసేవారు ఉదయం నుంచి ఇసుక మీదనే ఉంటారు. కొంగు తల మీద ఉన్నా ముఖం, ముంజేతులు బయటే. చేపలకు ఎండ కావాలి గాని మనిషికి అక్కరలేదు. ఆరబెట్టే చోట పక్కనే తాటాకు పందిరి ఒకటి వేసుకుని చేపలు ఏరడం, ఉప్పు పట్టించడం దాని కింద చేసుకోవచ్చు. నీడ ఈ కిరణాలను సగానికి పైగా తగ్గించగలదు. వలలు అల్లేవారికీ అదే పందిరి పనికివస్తుంది. సెలవుల్లో రోజంతా ఒడ్డున ఆడుకునే పిల్లల చేత చొక్కా విప్పనీయకూడదు. చిన్ననాటి దెబ్బల లెక్క పెద్దయ్యాక తేలుతుంది.

మూడు వారాలు మానని పుండు

పెదవి మీద, చెవి మీద, ముక్కు మీద పుండు మూడు వారాలు దాటినా మానకపోతే, లేదా మానినట్టే మాని మళ్లీ రక్తం కారితే నాటుమందులతో కాలయాపన చేయరాదు. చుట్ట తాగే అలవాటు ఉన్నవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. ఉత్తరాంధ్ర తీరంలో ఆడవారిలో కనిపించే అడ్డచుట్ట వల్ల అంగిటిలో క్యాన్సర్ వస్తుందన్నది తెలిసిన విషయమే. నోటిలో తెల్లమచ్చనైనా, మానని పుండునైనా చూపించుకోవాలి. పాత కాలిన మచ్చలో కొత్తగా పుండు లేచినా, అరికాలిలో నల్లమచ్చ పుట్టి పెరుగుతున్నా అశ్రద్ధ పనికిరాదు. అరికాలి మచ్చ ఎండ వల్ల వచ్చేది కాదు గాని, మనవాళ్లలో ప్రమాదకరమైన మచ్చలు అక్కడే ఎక్కువ. తొలిదశలో చిన్న కోతతో పోయేది ముదిరితే ప్రాణం మీదికి వస్తుంది.

నిషేధ కాలమే అదను

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పుతీరంలో మరపడవల, మోటారు తెప్పల వేట నిషేధం. ఏడాదిలో మగవారంతా ఒడ్డున దొరికేది ఈ రెండు నెలలే. అదే సమయంలో తీర గ్రామాల్లో కళ్లు, పెదవి, చర్మం పరీక్షించే శిబిరాలు పెడితే కండను, శుక్లాన్ని, మానని పుండును తొలిదశలోనే పట్టుకోవచ్చు. లైఫ్ జాకెట్ గురించి చెప్పే మత్స్యశాఖ సిబ్బంది అంచు టోపీ గురించి కూడా ఒక మాట చెబితే ఖర్చేమీ కాదు. మత్స్యకార సహకార సంఘాలు టోపీలు, కళ్లద్దాలు టోకున కొని సభ్యులకు అసలు ధరకే ఇవ్వవచ్చు. వైద్య, మత్స్య శాఖల అధికారులు ఈ దిశగా యోచించవలసిన అవసరం ఎంతైనా ఉంది.

అప్పటివరకు మత్స్యకారులు తమ నీడనే ప్రమాద సూచికగా చూసుకోవాలి. అది పొట్టిదైన వేళకు ఒంటిపై చొక్కా, తలపై అంచు ఉండాలి.