సముద్రపుటొడ్డున కొండకోట



అరకునుండి రైలులో సొరంగములు దాటి దిగువకు వచ్చువారికి, విశాఖపట్టణము చేరుసరికి కొండలన్నియు ముగిసినట్లే తోచును. నిజమునకు వానిలో నొకటి సముద్రములోనికి ముక్కు సాచి నిలిచియున్నది. డాల్ఫిన్ అను జలచరపు ముక్కును పోలియుండుటచే దానికి డాల్ఫిన్స్ నోస్ అను పేరు వచ్చినది. దాని రాయి మన కొండల రాయియే. ఆ జాతి రాతికి శాస్త్రజ్ఞులు 1902లో ఖోండుల పేరిటనే ఖోండలైటని నామకరణము చేసిరి. ఈ సంగతి మన పిల్లలకు బడిలో చెప్పిన బాగుండును.

పూర్వము ఆంగ్లేయులు ఈ కొండను సైనికస్థావరముగా వాడుకొనిరి. నేను పైకెక్కి చూచితిని. తూర్పున హద్దులేని సముద్రము, క్రింద సన్నని రేవుకాలువ, ఆవల పట్టణము. ఇంత యెత్తున ఫిరంగి నిలిపినచో శత్రునౌక దరిజేరగలదా యని ఎవరికైనను అనిపించును.

1804 సెప్టెంబరులో ఏమి జరిగినదో వినుడు. ఫ్రెంచి నౌకాధిపతి లినోయి మూడు యుద్ధనౌకలతో ఈ రేవుమీదికి వచ్చెను. రేవులో సరకుటోడలు రెండు, వానికి కాపుగా సెంచూరియన్ అను యుద్ధనౌక యొక్కటి. ఒక సరకుటోడ ఒడ్డునకు కొట్టుకొనివచ్చి పగిలెను. రెండవది ఫ్రెంచివారి వశమయ్యెను. సెంచూరియనును కాపాడినది ఇసుకమేట. అది లోతు తక్కువ నీటిలోనికి జరిగినందున పెద్ద ఫ్రెంచినౌక దరికి రాజాలక మరలిపోయెను.

ఎత్తు ఒక్కటియే చాలదు, నీటిదారి యిరుకుగా కూడ నుండవలెను. తురుష్క సుల్తాను రెండవ మహమ్మదు 1452లో బాస్ఫరసు జలసంధి గట్టున రుమేలి హిస్సారు కోటను కట్టించెను. అచట నీటి వెడల్పు అరమైలైనను లేదు. ఎదుటి గట్టున అతని ముత్తాత కట్టించిన కోట అంతకు మున్నే యున్నది. ఆజ్ఞ మీరి పోవజూచిన వెనీసు ఓడను ఆ యేడే ఫిరంగిగుండుతో ముంచిరి. మరుసటి యేడు కాన్‌స్టాంటినోపిలు నగరము సుల్తాను వశమయ్యెను. మన కొండ యెదుట నున్నదో బంగాళాఖాతము. దానికి ఎదుటి గట్టేది?

ఫిరంగులకంటె ఈ కొండ తన మేనితోనే ఎక్కువ మేలు చేసినది. నైరుతి గాలికి లేచు అలలను అడ్డుకొని రేవుకు చాటగుచున్నది. ఆ చాటుననే 1933 అక్టోబరు 7వ తేదీన తొలి ఓడ క్రొత్త రేవులో ప్రవేశించెను. చిత్రమేమన, ఆ యోడ పేరు జలదుర్గ. 1957నుండి కొండపై దీపస్తంభము వెలుగుచున్నది.

చూడబోవువారు సందర్శకులను అనుమతించు వేళను ముందుగా విచారించుకొని వెళ్లుడు. చుట్టుప్రక్కల నౌకాదళమువారి స్థలమున్నది.