జ్వరమా? ఒంటి మీద నల్లని పెచ్చు ఉందేమో చూసుకోండి

వానలు తగ్గుముఖం పట్టి, గట్ల మీద గడ్డి ఏపుగా పెరిగి, వరి కోతకు వచ్చే రోజుల్లో మా వార్డులలో జ్వరంతో చేరేవారు ఎక్కువవుతారు. మలేరియా, డెంగీ, టైఫాయిడ్ పేర్లు అందరికీ తెలిసినవే. స్క్రబ్ టైఫస్ అనే పేరు మాత్రం 2025 చివరి నెలల్లో ఆంధ్రప్రదేశ్ పత్రికలలో వచ్చేవరకు చాలామంది వినలేదు. నిజానికి ఇది కొత్త జబ్బు కాదు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అస్సాం, బర్మా ప్రాంతాలలో వేలాది సైనికులు ఈ జ్వరంతో మంచాన పడ్డారు. టైఫాయిడ్‌కు, దీనికి పేరులో పోలికే గాని సంబంధం లేదు.

ఈ జ్వరం గురించి ముఖ్యంగా గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటుంది. తొలి రోజుల్లో గుర్తిస్తే తక్కువ ఖర్చుతో, మాత్రలతోనే నయమవుతుంది. ఆలస్యమైతే ప్రాణం మీదికి వస్తుంది.

ఎలా వస్తుంది?

గడ్డిలో, పొదలలో, ఎలుకలు తిరిగే చోట నల్లి జాతికి చెందిన అతి చిన్న పురుగులు ఉంటాయి. ఇవి మన మంచాలలో ఉండే నల్లులు కావు. వీటి పిల్ల పురుగులు కంటికి కనిపించనంత చిన్నవి. అవి కుట్టినప్పుడు నొప్పి తెలియదు. వాటి ద్వారా ఒక రకం బాక్టీరియా మన ఒంట్లో చేరి, సుమారు పది రోజులకు జ్వరం మొదలవుతుంది. ఇది దగ్గు, తుమ్ముల వల్ల గాని, రోగిని తాకడం వల్ల గాని అంటదు. కాబట్టి రోగిని దూరంగా పెట్టనవసరం లేదు.

లక్షణాలు

తీవ్రమైన జ్వరం, చలి, విపరీతమైన తలనొప్పి, ఒళ్ళునొప్పులు, పొడిదగ్గు, వాంతులు ఉంటాయి. చంకలో, గజ్జలలో బిళ్ళలు కట్టవచ్చు. కొందరికి ఒంటి మీద దద్దురు వస్తుంది. ప్లేట్‌లెట్లు కూడా తగ్గవచ్చు గనుక చాలామంది దీనిని డెంగీ అనుకుంటారు.

పురుగు కుట్టిన చోట ఏర్పడే నల్లని పెచ్చు దీని ముఖ్యమైన గుర్తు. చుట్టతో కాల్చినట్టు మధ్యలో నల్లగా, చుట్టూ ఎర్రగా ఉంటుంది. నొప్పి ఉండదు, దురద ఉండదు. అందుకే రోగి దానిని పట్టించుకోడు.

సిగ్గుపడవద్దు

ఈ పెచ్చు తరచుగా బట్టల మాటున ఉంటుంది. చంకలు, రొమ్ముల కింద, బొడ్డు చుట్టూ, పావడా బొందు లేక మొలతాడు కట్టే చోట, గజ్జలు, తొడల మధ్య, పిరుదులు, చెవుల వెనుక చూడాలి. వీపు వైపు ఇంట్లోవారు చూడాలి. పిల్లలకు తల్లి స్నానం చేయించేటప్పుడు తల వెంట్రుకల మధ్య కూడా చూడాలి.

మన ఇళ్ళలో ఆడవారు ఇలాంటి చోట్ల మచ్చ ఉందని డాక్టరుగారికి చెప్పడానికి వెనుకాడతారు. పెద్దవారు కోడలికైనా చెప్పరు. అమ్మా, సిస్టర్‌ను పక్కకు పిలిచి ఒక్క మాట చెప్పండి. తెర వేసి చూస్తాము. ఆ ఒక్క మాట వల్ల సరైన మందు ఒకటి రెండు రోజులు ముందుగా మొదలు కావచ్చు. అయితే పెచ్చు అందరికీ ఉండదు. కనిపించనంత మాత్రాన జబ్బు లేదని అనుకోకూడదు.

పరీక్ష, చికిత్స

రక్తంలో ఐ.జి.ఎం. ఎలీసా పరీక్ష చేస్తారు. జ్వరం వచ్చిన మొదటి నాలుగైదు రోజులలో పరీక్షలో తెలియకపోవచ్చు. అందుకే అనుమానం బలంగా ఉంటే డాక్టర్లు ఫలితం కోసం ఆగకుండా మందు మొదలుపెడతారు.

డాక్సీసైక్లిన్ దీనికి మంచి మందు. గర్భిణీలకు అజిత్రోమైసిన్ ఇస్తారు. సాధారణంగా 48 గంటలలో జ్వరం దిగుతుంది. దిగకపోతే తప్పక మళ్ళీ చూపించాలి. డాక్సీసైక్లిన్ ఆహారం తరువాత, కూర్చుని, గ్లాసు నిండా నీళ్ళతో వేసుకోవాలి. వేసుకున్న వెంటనే పడుకోకూడదు. జ్వరం తగ్గిందని మధ్యలో మానకూడదు.

ఈ బాక్టీరియా మన కణాల లోపల దాగి ఉంటుంది. అందుచేత పెన్సిలిన్, సెఫ్‌ట్రయాక్సోన్ వంటి ఇంజెక్షన్లు ఎన్ని రోజులు చేయించుకున్నా దీని మీద పనిచేయవు. ఊళ్ళో నాలుగు రోజులు సూదులు వేయించుకుని, సెలైన్ ఎక్కించుకుని, ఆరో రోజున ఆయాసంతో ఆసుపత్రికి వస్తే చాలా విలువైన సమయం పోయినట్టే.

2023లో ప్రచురితమైన ఒక పరిశోధనను ఇక్కడ చెప్పాలి. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల వైద్యులు ముందుండి, మన దేశంలోని 7 ఆసుపత్రులలో, జబ్బు ముదిరిన దాదాపు 800 మందిపై దీనిని జరిపారు. రెండు మందులూ కలిపి రక్తనాళం ద్వారా ఇస్తే ఒక్కటి ఇచ్చినదానికంటే మేలని తేలింది. అయినా రెండూ ఇచ్చినవారిలో సైతం నూటికి 33 మందికి మరణమో, వారం తరువాత కూడా తగ్గని సమస్యలో, ఐదు రోజులైనా దిగని జ్వరమో తప్పలేదు. ముదిరిన తరువాత ఎంత మంచి మందైనా కష్టపడవలసిందే.

వెంటనే ఆసుపత్రికి రావలసిన గుర్తులు

ఆయాసం, మగత, సంధి మాటలు, ఫిట్స్, మూత్రం తగ్గడం, కళ్ళు పచ్చబడడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లవారేదాకా ఆగవద్దు. ఈ గుర్తులు లేకపోయినా జ్వరం మూడు రోజులు దాటితే తప్పక చూపించుకోవాలి.

గోమార్ల విషయం

పశువులకు, కుక్కలకు పట్టే గోమార్లు, అనగా పిడుదులు, కుట్టినా ఇలాంటి జ్వరమే రావచ్చు. అందులో అరచేతులు, అరికాళ్ళలో కూడా దద్దురు కనిపిస్తుంది. దానికీ డాక్సీసైక్లినే మందు. గోమారి ఒంటికి పట్టుకుంటే కిరసనాయిలు పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం చేయవద్దు. చిమటాతో చర్మానికి ఆనించి పట్టి, మెలిపెట్టకుండా నెమ్మదిగా పైకి లాగి, ఆ చోటు సబ్బుతో కడగాలి.

జాగ్రత్తలు

దీనికి టీకా లేదు. పొలానికి, గడ్డికి వెళ్ళేటప్పుడు నిండుగా బట్టలు వేసుకోండి. గడ్డి మీద ఏమీ పరవకుండా కూర్చోవద్దు, పడుకోవద్దు. ఉతికిన బట్టలు పొదల మీద ఆరవేయవద్దు. ఇంటికి రాగానే సబ్బుతో ఒళ్ళు రుద్ది స్నానం చేసి, విడిచిన బట్టలు ఉతకండి. ఇంటి చుట్టూ పొదలు కొట్టించి, ఎలుకలు చేరకుండా చూసుకోండి.

ఆసుపత్రికి వచ్చినప్పుడు జ్వరం ఏ రోజు మొదలైనది, ఏ పొలానికి లేక తోటకు వెళ్ళినది, ఇంతవరకు ఏ మందులు వాడినది చెప్పండి. ఒంటి మీద పెచ్చు ఉంటే అడగకముందే చూపించండి.