మొదటి నైట్రో బండి - ఎంపికలో మెలకువలు



హోసూరులో మా చెల్లెలి ఇంటి అటక మీద ఒక పెట్టె ఉంది. అందులో ఉన్నది మా మేనల్లుడు రెండేళ్లు డబ్బు కూడబెట్టి కొనుక్కున్న నైట్రో కారు. చేతిలో ట్రాన్స్‌మిటరు పట్టుకుని దూరం నుంచి నడిపే బండి అది. లోపల నిజమైన ఇంజను, ఇంధనం ట్యాంకు, సైలెన్సరు అన్నీ ఉన్నాయి. కాని కొన్న నెలకే ఇంజను పట్టేసింది. విడిభాగం దొరకలేదు. అట్టపెట్టె మీది బొమ్మనూ, వేగం అంకెనూ చూసి కొన్నాడు, మిగతావి అడగలేదు. అడగవలసిన ఆ మిగతావేమిటో ఈ పూట చెప్పుకుందాం. మీ ఇంట్లో ఇలాంటి బండి కోసం మారాం చేస్తున్న అబ్బాయో అమ్మాయో ఉంటే, వాళ్లనూ పక్కన కూర్చోబెట్టుకోండి.

ముందుగా, ఇది ఎలా నడుస్తుందో చూద్దాం. దీని ఇంధనం పెట్రోలు కాదు. మెథనాల్, నైట్రోమీథేన్, నూనె కలిసిన మిశ్రమం. ఆ నూనెలో చాలాసార్లు మన ఆముదం కూడా ఉంటుంది. నైట్రోమీథేన్ తన ఆక్సిజన్ కొంత తానే తెచ్చుకుంటుంది కనుక, అదే గాలికి ఎక్కువ ఇంధనం మండి ఎక్కువ బలం వస్తుంది. మోటారుసైకిలులో ఉండే స్పార్కు ప్లగ్గు ఇందులో ఉండదు. గ్లో ప్లగ్గు అనేది ఉంటుంది. అందులోని ప్లాటినం తీగను మొదట చిన్న బ్యాటరీతో ఎర్రగా కాలుస్తాము. ఇంజను అందుకున్నాక బ్యాటరీ తీసేసినా, మెథనాలుతో జరిగే రసాయన చర్య వల్లా, మంట వేడి వల్లా తీగ కణకణలాడుతూనే ఉంటుంది.

ఇక ఎంపిక సంగతి. మొదటి ప్రశ్న: నైట్రోయే ఎందుకు? వేగం కోసమే అయితే ఈనాటి లిథియం బ్యాటరీ బండ్లు ఏమీ తీసిపోవు. పైగా శుభ్రం, సులువు. ఇంజను శబ్దం, పొగ వాసన, స్క్రూడ్రైవరుతో కుస్తీ ఇష్టమైనవారికే నైట్రో. గంట నడిపితే గంట శుభ్రం చేయాలి. ఆ ఓపిక లేకపోతే బ్యాటరీ బండే మేలు.

రెండో ప్రశ్న: ఎంత పెద్దది? పెట్టె మీద ఒకటి బై పది, ఒకటి బై ఎనిమిది అని ఉంటుంది. అసలు కారులో పదో వంతు, ఎనిమిదో వంతు అన్నమాట. ఇంజను మీద 15, 18, 21 అని అంకెలుంటాయి. అవి ఘనపు అంగుళంలో నూరో వంతులు. 15 అంటే సుమారు రెండున్నర సీసీ, 18 అంటే మూడు సీసీ, 21 అంటే మూడున్నర సీసీ. మొదటిసారి కొనేవారికి 15 గాని 18 గాని చాలు. పెద్ద ఇంజను ఎక్కువ తాగుతుంది, గోడకు గుద్దితే ఎక్కువ విరుస్తుంది. లెక్క వేసి చూడండి. ఎనిమిదో వంతు బగ్గీలో ట్యాంకు సాధారణంగా 125 మిల్లీలీటర్లు. లీటరు ఇంధనం ఎనిమిది ట్యాంకులు. ఒక్కో ట్యాంకు పది నిమిషాలు వచ్చిందనుకున్నా, లీటరు గంటా ఇరవై నిమిషాల్లో అయిపోతుంది.

మూడో ప్రశ్న: ఎక్కడ నడుపుతారు? చదును చేసిన మట్టి బాటకు నేలకు దగ్గరగా ఉండే బగ్గీ బాగుంటుంది. రాళ్లు, గడ్డి దుబ్బులు, ఎండిన చెరువు గర్భం అయితే పెద్ద చక్రాల మాన్‌స్టర్ ట్రక్కు నయం. పందెపు బగ్గీల్లో చాలావాటికి వెనక్కి నడిచే గేరు ఉండదు. ముళ్లకంపలో ఇరుక్కుంటే మీరే నడిచివెళ్లి తీయాలి.

నాలుగోది: విడిభాగాలు. ముందు చక్రాన్ని పట్టుకునే చేయి, గ్లో ప్లగ్గు, క్లచ్చు, గాలి వడపోత, ఈ నాలుగూ దొరుకుతాయా అని కొనకముందే దుకాణంలో అడగండి. పేరు తెలియని చౌక బండి కంటే, భాగాలు దొరికే పాత నమూనా మేలు. వాడిన బండి కొనేటప్పుడు, ఇంజను చల్లగా ఉండగా ఫ్లైవీలును వేలితో తిప్పి చూడండి. పిస్టన్ పైకి చేరేచోట బిగువు తగలాలి. గిర్రున తిరిగితే ఇంజను అరిగిపోయిందని అర్థం. బండిలో ఫెయిల్‌సేఫ్ ఉందా అన్నది మరువకండి. సంకేతం తెగితే బండిని తనంతట తాను ఆపేది అదే. మూడు కిలోల బండి అదుపు తప్పి పిల్లల మీదికి పోతే ఆట కాదు.

కొన్నాక తొందరపడకండి. మొదటి కొన్ని ట్యాంకులు ఇంధనం ఎక్కువ పోయేలా సూదిని వదులుగా పెట్టి, నెమ్మదిగా నడపాలి. సైలెన్సరు నుంచి నీలిపొగ కనబడుతూ ఉండాలి. పొగ మాయమై బండి పరుగెత్తుతోందంటే సంతోషించకండి. నూనె చాలడం లేదన్నమాట. మా మేనల్లుడి ఇంజను అలాగే పట్టేసింది. సూచనల పుస్తకంలో ఇదంతా ఉంది. కాని అది ఇంగ్లీషులో ఉంది. ఇంట్లో తెలుగు, బడిలో తమిళమో కన్నడమో చదివే పిల్లలకు ఆ పుస్తకం మనం దగ్గర కూర్చుని చదివి చెప్పాలి.

చివరి మాట అన్నిటికంటే ముఖ్యం. మెథనాల్ విషం. కొద్దిగా లోపలికి పోయినా చూపు పోవచ్చు, ప్రాణమే పోవచ్చు. మా వాడు మిగిలిన ఇంధనాన్ని మంచినీళ్ల సీసాలో పోసి కిటికీలో పెట్టాడు. రంగు అచ్చం రోజా షర్బత్తు. పక్కింటి నాలుగేళ్ల పాప మూత తీసింది. మా చెల్లెలి అత్తగారు చూసి చేతిలోంచి లాక్కున్నారు కనుక సరిపోయింది. ఇంధనం దాని డబ్బాలోనే, తాళం వేసిన చోట, పొయ్యికి దూరంగా ఉండాలి. దాని మంట పగటి వెలుతురులో కంటికి సరిగా కనబడదు. ఇంధనం పోసేది, ఇంజను తిప్పేది ఆరుబయటనే. పొరపాటున ఎవరైనా తాగితే, బాగానే ఉన్నట్టు కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. డబ్బా కూడా వెంట పట్టుకెళ్లండి.

అందుకే నేను చెప్పేది ఒక్కటే. ఏ బండి అని అడిగేముందు, దాని ఇంధనం మన ఇంట్లో ఎక్కడ పెడతాం, తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది అని తేల్చుకోండి. దానికి జవాబు దొరికిన ఇంట్లో చిన్న ఇంజను బండి కూడా ఏళ్ల తరబడి ఆనందం ఇస్తుంది. దొరకని ఇంట్లో ఎంత మంచి బండి అయినా వద్దు.