మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు.. మరి ఏ కుక్క?

మాది అబిడ్స్‌లో జీపీఓ వెనక సందులో పాత బిల్డింగ్. మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. తాతయ్య పోయాక పగలంతా ఇంట్లో నానమ్మ ఒక్కతే. అమ్మ, నాన్న, నేను ముగ్గురం డ్యూటీలకు పోతాం. సాయంత్రం వచ్చేసరికి టీవీ నడుస్తుంటుంది, ఆమె చూపు మాత్రం కిటికీ వైపు ఉంటుంది. ‘ఓ చిన్న కుక్కని తెద్దాం’ అన్నది నేనే.

సాఫ్ట్‌వేర్ వాళ్ల రోగం తెలుసుగా, ముందు ఎక్సెల్ షీట్ తయారైంది. బరువు, జుట్టు రాలడం, అరుపు, నెల ఖర్చు.. మార్కుల్లో పగ్ ఫస్ట్! 2003లో హచ్ యాడ్‌లో పిల్లాడి వెంట తిరిగిన ఆ ముడతల మొహం చూస్తూ పెరిగినోళ్లం మరి.

షీట్ చూసి వెటర్నరీ డాక్టర్ ఒకటే అడిగారు: ‘మధ్యాహ్నం ఇంట్లో ఏసీ వేస్తారా?’ వెయ్యం. నానమ్మకి మోకాళ్లు లాగుతాయి. కుక్కలకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక చాపి రొప్పుతూనే వేడి తగ్గించుకోవాలి. పగ్‌కి ముక్కే అణిగిపోయి ఉంటుంది, ఊపిరి సరిగా ఆడదు. మే నెల హైదరాబాద్ ఎండలో దానికి ప్రాణం మీదికొస్తుంది. షిట్జూదీ అలాంటి ముక్కే, పైగా రోజూ దువ్వాలి. డాషండ్‌కి నడుము పొడవు, మెట్లెక్కి దిగితే వెన్నుపూస దెబ్బతినే ప్రమాదం ఎక్కువ. మన వీధి జాతి ఎండకి బెస్ట్, కానీ పెద్దయ్యాక పదిహేను కిలోలు దాటొచ్చు. ‘దానికి జ్వరమొస్తే ఎవలు దించాలె బిడ్డా?’ అంది నానమ్మ. నా షీట్‌లో ఆ కాలమే లేదు.

ఇక మిగిలింది మనం పొమేరియన్ అని పిలిచే తెల్ల కుక్క. నిజానికి మన దగ్గర కనిపించేవి చాలావరకు ఇండియన్ స్పిట్జ్‌లు. ‘ప్రేమాలయం’లో టఫీ గుర్తుందా, అదే. పొడుగు ముక్కు, ఆరేడు కిలోలు. కాకపోతే అరుస్తుంది, అందుకే నేను దానికి మైనస్ మార్కులు వేశా.

అప్పుడు మార్చిలో జరిగింది గుర్తొచ్చింది. తాళంచెవి మర్చిపోయి అరగంట బెల్ కొట్టినా నానమ్మకి వినపడలేదు. తలుపు బయట నిలబడి ఏమేమో ఊహించుకున్నా. తెరిచాక ‘ఎప్పుడొచ్చినవ్?’ అని నవ్వింది. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. షీట్ తెరిచి అరుపు కాలమ్‌ని ప్లస్ చేశా.

చిన్న పిల్ల కూడా వద్దనుకున్నాం. టీకాలన్నీ పూర్తయ్యేదాకా రోడ్డు మీదికి తీసుకెళ్లలేం, ఇంట్లోనేమో కాళ్లకడ్డం పడుతుంది. అన్నట్టు, ఒకచోట నెల పిల్లని అంటగట్టబోయారు. 2017 రూల్స్ ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదు, చూసుకోండి.

చివరికి ఊరు మారుతున్న హిమాయత్‌నగర్ వాళ్ల దగ్గర నాలుగేళ్ల స్పిట్జ్ దొరికింది. పేరు స్నోయీ, నానమ్మకి మాత్రం తెల్లోడు. ఆరు కిలోలు. నానమ్మ ఒప్పుకునే ముందు ఐదు కిలోల బియ్యం సంచి ఎత్తుకుని ఒక అంతస్తు దిగి చూసుకుంది! కాళ్లకి తగలకుండా మెడలో గజ్జె కట్టాం. పొద్దున్నే షాపులు తెరవకముందు వాకింగ్ నాది. ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచాక మాత్రం అటు పోము, కాలెత్తితే ఎవరు కట్టాలి?

నిన్న గ్యాస్ అబ్బాయి వచ్చి బెల్ కొట్టాడట. తెల్లోడు అరిచాడు, నానమ్మ లేచి వెళ్లి తలుపు తీసింది. ఈ ఏడాదిలో బండ వెనక్కి పోకపోవడం ఇదే మొదటిసారి.